నెత్తుట్లో కొవ్వు

మా తమ్ముడు రాజు స్నానానికని బనీను విప్పితే వీపు తోలు బనీనుకు అంటుకుని లేచివచ్చింది. అమ్మ చేతిలో చెంబు జారిపోయింది. నడుం నుంచి మెడ దాకా వాతలు, కొన్ని పగిలి రసి కారుతున్నాయి. కేబుల్ వైరుతో కొడితే అలాగే పడతాయని నాకు తెలుసు. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్లకు షేర్ ఆటో నడిపే ఆడదాన్ని, దెబ్బలు చూడనిదాన్నేం కాదు.

ఎవడు కొట్టాడురా అని వాడి జుట్టు పట్టుకుని అడిగాను. వాడు ఏడవలేదు, సిగ్గుపడ్డాడు.

"తప్పు నాదే అక్కా. నా నెత్తుట్ల కొవ్వు ఎక్కువొచ్చింది."

నా ఒళ్లు మండిపోయింది. పిల్లవాడి పక్కటెముకలు బయటికి కనిపిస్తుంటే కొవ్వట కొవ్వు. అదేం మాయరోగమో సరిగ్గా చెప్పమని నిలదీస్తే అప్పుడు బయటపెట్టాడు.

రాజు పదేళ్లప్పటి నుంచి కబడ్డీ ఆడుతున్నాడు. ఇప్పుడు పంతొమ్మిది. మా తండాలో పుట్టి రాష్ట్ర జట్టు గడప దాకా వెళ్లినవాడు వీడొక్కడే. ఉండేది సూర్యాపేటలో, భాస్కర్ అనే కోచ్ దగ్గర. ఆ రోజు ఒక్క పూటకని ఇంటికొచ్చాడు. భాస్కర్‌కు పొలాలున్నాయి, మిల్లుంది, వెనకాల పార్టీ మనుషులున్నారు. ఎవరిని సెలెక్షన్‌కు పంపాలన్నా ఆయన మాటే చెల్లుతుంది. కుర్రాళ్ల జట్టులో బరువుకు ఒక హద్దుంటుంది. రాజు ఆ హద్దు కాస్త దాటాడని నెల రోజులుగా పొద్దున ఒక చపాతీ, సాయంత్రం గ్లాసెడు మజ్జిగ పెట్టి పరిగెత్తిస్తున్నాడట.

ఆ మధ్య చరిత అని యూనివర్సిటీలో చదివే అమ్మాయి వాళ్ల దగ్గరికి వచ్చింది. ఏళ్ల తరబడి ఆడేవాళ్ల నెత్తుట్లో కొవ్వు ఆమ్లాలు ఎలా మారతాయో చూడాలని అందరి దగ్గరా పరగడుపున నెత్తురు తీసుకుంది. రిపోర్టులు భాస్కర్‌కు పంపింది. అందరిలోకీ రాజుకే ఫ్యాటీ యాసిడ్స్ ఎక్కువున్నాయి. భాస్కర్ పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫ్యాటీ అంటే ఏందిరా అని అడిగాడట. కొవ్వు సార్ అన్నారు వాళ్లు. ఇంకేం, రాజు దొంగచాటుగా బిర్యానీలు మేస్తున్నాడని అక్కడే తేల్చేశాడు.

"ఒంటికే ఎక్కిందనుకున్న గదరా. నీకు నెత్తుట్ల గూడ కొవ్వెక్కింది," అని వైరు తీశాడు.

మర్నాడే కోదాడలో సెలెక్షన్. పోతే కాళ్లు విరగ్గొడతానని నేను బెదిరించాను, అమ్మ బతిమాలింది. వాడు తెల్లవారకముందే లేచి పోయాడు. నాకు వాడి జట్టూ వద్దు, పేరూ వద్దు. వాడు ప్రాణాలతో ఇంటికి రావాలి, అంతే.

వాడి స్నేహితుడు బాలాజీని అడిగి చరిత నంబరు తీసుకుని ఫోన్ చేశాను. ముందు కడుపారా తిట్టాను. ఆ పిల్ల తిట్లన్నీ విని, వైరు సంగతి చెప్పగానే ఏడ్చేసింది. ఏళ్లపాటు ఆడిన కండకు కొవ్వును కాల్చి బలం తీసుకునే అలవాటు పడుతుందట. మనకంటే వాళ్ల ఒళ్లు దాచుకున్న కొవ్వును తొందరగా బయటికి తీస్తుందట. తిండి పెట్టకుండా పరిగెత్తిస్తే అదంతా కరిగి నెత్తుట్లోకి వస్తుందట.

"అది తిన్న కొవ్వు కాదక్కా," అంది. "తిండి లేక అతని ఒళ్లు తనను తానే తింటోంది. ముందు పరుగు ఆపించండి. గుండె ఆగిపోవచ్చు."

ఈ ముక్క భాస్కర్‌కు చెప్పి చావలేదా అని అడిగాను. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదట. ఆటోను కోదాడ వైపు తిప్పాను. దారిలో చెయ్యెత్తినవాళ్లను ఒక్కరినీ ఎక్కించుకోలేదు.

మైదానంలో ఎండ మాడ్చేస్తోంది. రాజుకు ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడిగి పరిగెత్తిస్తున్నారు. బరువు తూచే వేళకు ఇంకాస్త తగ్గాలట. వెనకాలే భాస్కర్, చేతిలో వైరు. నేను చూస్తుండగానే రాజు బోర్లా పడ్డాడు. భాస్కర్ బూటుకాలితో డొక్కలో తన్నాడు. లేవలేదని మళ్లీ తన్నాడు. వాడు పచ్చటి పసరు కక్కుకున్నాడు.

సీటు కింద నుంచి పానా తీసుకుని దిగాను. అయినా ముందు మంచిగానే చెప్పాను, దేవుడి మీద ఒట్టు.

"సార్, గది తిన్న కొవ్వు గాదు. తిండి లేక వాని ఒళ్లు కరుగుతున్నది. ఇడిసిపెట్టు."

నీకు గూడ ఎక్కిందా అని భాస్కర్ నా చెంప పగలగొట్టాడు. చెవి గుయ్యిమంది. పెదవి తెగి నోరంతా నెత్తురు. మళ్లీ కొట్టడానికి వైరెత్తాడు. ఆ చేతి మీద పానాతో ఒక్కటేశాను. మణికట్టు విరిగిన చప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు. నాకది హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంకోటి మోకాలి మీద వేస్తే కూలబడ్డాడు. జట్టు పిల్లలు నా మీద పడ్డారు. ఒకడు జుట్టు పట్టి ఈడ్చాడు, ఇంకొకడు చెయ్యి మెలిపెట్టి పానా లాక్కున్నాడు. దొరికిన చెయ్యి దొరికినట్టు కొరికాను. మా తండా భాషలో ఉన్న తిట్లన్నీ తిట్టాను.

అప్పుడు రాజు లేచాడు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. నా తమ్ముడు వస్తున్నాడు, ఇక మీ పని అయిపోయిందిరా అనుకున్నాను. పిల్లలు పక్కకు జరిగారు. వాడు తూలుతూ నేరుగా నా దగ్గరికి వచ్చి, పిడికిలి బిగించి నా దవడ మీద గుద్దాడు.

"తొమ్మిదేండ్ల కష్టం ఖతం చేసినవు గదక్కా. సార్ చెయ్యి ఇరగ్గొట్టినవు. ఇగ నన్నెవరు తీస్కుంటరు?"

మళ్లీ గుద్దాడు. మళ్లీ. పట్టుకున్నవాణ్ని భుజంతో లేపి అవతల పడేసే మనిషి వాడు. భాస్కర్ కొట్టినప్పుడు కంట తడి పెట్టనిదాన్ని, అప్పుడు భోరుమన్నాను. వాడి గుద్దు నాకు తగిలినట్టే లేదు.

"నొయ్యలేదురా," అన్నాను. "ఇంకోటి కొట్టు. నొచ్చేటట్టు కొట్టు."

వాడు పిడికిలి బిగించాడు. చెయ్యి పైకి లేవలేదు.