సుందరమ్మ గిన్నె

సండే స్కూల్లో పాఠం చెప్పడంలో విజయకుమారికి సాటి వచ్చేవాళ్ళు కొల్లేటి ఒడ్డున ఎవరూ లేరని పాస్టరుగారే పదిమందిలో అన్నారు. ఆ మాటను విజయకుమారి కూడా నమ్మింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ ఆదివారం పాఠం సమాధానం గురించి. గోడకు బొమ్మల చార్టు తగిలించి, పిల్లల్ని చాప మీద దగ్గరగా కూర్చోబెట్టుకుని, కొండ మీద యేసయ్య చెప్పిన మాటను విడమరిచి చెప్పింది. పోట్లాడుకున్నవాళ్ళను కలిపేవాళ్ళంటే దేవుడికి ఎంత ఇష్టమంటే, వాళ్ళను తన పిల్లలని పిలుచుకుంటాడట. అంతవరకూ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. వచ్చే ఆదివారంలోగా ఒక్కొక్కరు ఒక్కో తగువు తీర్చి రావాలని పని కూడా పురమాయించింది.

"మా అమ్మా నాన్నా రిమోట్ కోసం రోజూ దెబ్బలాడుకుంటారండీ. నేను రిమోట్ దాచేస్తానండీ," అన్నాడు సాయితేజ.

"అది తగువు తీర్చడం కాదురా, పెంచడం," అని నవ్వింది విజయకుమారి.

చాప చివర కూర్చున్న ప్రసన్న చెయ్యెత్తింది. తొమ్మిదేళ్ళ పిల్ల. రెండు జడలు, ముందు పళ్ళ మధ్య సందు. ఏ మాట విన్నా ఇంటికి మోసుకుపోయి తీరిగ్గా ఆలోచించే రకం.

"మాట్లాడుకోనోళ్ళు ఎవరైనా పర్లేదాండీ టీచరుగారూ?"

"ఎవరైనా పర్లేదమ్మా."

"పెద్దోళ్ళయినానా అండీ?"

"పెద్దవాళ్ళయితే దేవుడికి ఇంకా సంతోషం," అంది విజయకుమారి ధీమాగా.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో మాట్లాడుకోని పెద్దవాళ్ళు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఈ టీచరుగారూ, ఆవిడ తోటికోడలు సుందరమ్మే. ఆ సంగతి పాఠం చెబుతున్న మనిషికి మాత్రం తట్టలేదు.

రెండు ఇళ్ళకూ మధ్య ఒక్క పిట్టగోడ. అన్నదమ్ములిద్దరూ ఆ గోడ మీద మోచేతులు ఆనించుకుని చేపల ధర గురించీ, చెరువులో నీటి గురించీ గంటల కొద్దీ మాట్లాడుకుంటారు. ఆడవాళ్ళిద్దరికీ మాత్రం మాటల్లేక మూడేళ్ళయింది. చర్చిలో కూడా ఒకే చాపకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు.

కారణం వింటే కొత్తవాళ్ళు నవ్వుతారు. అత్తగారి జ్ఞాపకార్థ కూడిక నాడు వచ్చినవాళ్ళందరికీ సుందరమ్మ కొరమేను పులుసు వండింది. ఆవిడ పులుసుకు ఏలూరు దాకా పేరు. వడ్డనకు ముందు విజయకుమారి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, "అయ్యో, ఉప్పు కషాయమైపోయిందక్కా!" అంటూ చెంబుడు నీళ్ళు ఎత్తి గుండిగలో పోసేసింది. అందరి ముందూ! మంచి మనసే గానీ తొందర మనిషి. ఎవరో కిసుక్కున నవ్వారు. సుందరమ్మ గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది. తన చేతి వంట ఇక విజయకుమారి గుమ్మం ఎక్కదని మర్నాడు మరిదితో చెప్పి పంపింది.

కూడికకు ముందురోజే రొయ్యల వేపుడుతో వచ్చిన సుందరమ్మ గిన్నె ఒకటి విజయకుమారి ఇంట్లో ఉండిపోయింది. పక్కింటి నుంచి వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఆ ఊళ్ళో ఏ ఇంటా లేదు. ఏదైనా వేసి పంపితే తనే తగ్గినట్టవుతుంది. అసలు పంపకపోతే గిన్నె కాజేసిందంటారు. ఎటూ తేలక దాన్ని అటక మీద పెట్టేసింది. అటక దులిపినప్పుడల్లా దాని అంచున చెక్కించిన 'సుందరమ్మ' అనే పేరు కనిపిస్తే గోడ వైపుకు తిప్పేసేది.

బుధవారం మధ్యాహ్నం ప్రసన్న మూత పెట్టిన స్టీలు గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఎండలో నడిచి వచ్చింది.

"సుందరమ్మ మామ్మగారు పంపించారండీ. మీకిమ్మన్నారు," అని గిన్నె గట్టు మీద పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

మూత తీయగానే మెంతుల వాసన, చింతపండు పులుపు కలిసి వంటిల్లంతా నిండాయి. ఎర్రటి పులుసులో కొరమేను ముక్కలు. విజయకుమారి అప్పుడే భోజనం చేసి లేచింది. అయినా మళ్ళీ కంచం పెట్టుకుంది. మొదటి ముద్దకే కళ్ళు నిండిపోయాయి. మెట్టలోని కామవరపుకోట నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో తనకు చేప తోమడం కూడా రాదు. అత్తగారి కంట పడకుండా దొడ్లోకి తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని నేర్పింది ఈ సుందరమ్మే. అక్క అంటే తనకు ఎంత ప్రేమో మూడేళ్ళుగా ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. ఇప్పుడు ఆవిడే దిగి వచ్చింది. ఉప్పు చక్కగా సరిపోయింది.

తిన్న తరువాత గిన్నె తోముతుంటే అంచు మీద పేరు కనిపించింది. 'చంద్రకళ' అని ఉంది. చంద్రకళ అంటే ప్రసన్న వాళ్ళమ్మ.

విజయకుమారి చెయ్యి ఆగిపోయింది. సుందరమ్మ ఇంట్లో గరిటె మీద కూడా ఆవిడ పేరే ఉంటుంది. తన ఇంటి నుంచి పంపే పులుసు ఇంకొకరి గిన్నెలో పోసి పంపే మనిషి కాదు. అయితే ఇది తనకు వచ్చిన పులుసు కాదన్నమాట. ఇప్పటిదాకా ఉన్న సంబరమంతా చల్లారిపోయి, ఆవిడ అక్కడే పీట మీద కూలబడింది.

సాయంత్రం గిన్నె కోసం వచ్చిన ప్రసన్నను కూర్చోబెట్టి మెల్లిగా అడిగింది. ఆ పిల్ల దాచలేదు.

"అమ్మకి జొరమని చెప్పానండీ. నోరు చేదుగా ఉందంట, పులుసు కావాలందని అడిగానండీ. పాపం మామ్మగారు మంచి ముక్కలన్నీ ఏరి వేశారండీ."

"అబద్ధమాడావా తల్లీ?"

"ఆడానండీ." జడ కొస మెలిపెట్టింది. "మిగతా తగువులన్నీ అందరూ తీసేసుకున్నారండీ. మీదొక్కటే మిగిలిందండీ. దానికి ఎవరూ ముందుకు రాలేదండీ."

తన తగువు పిల్లలందరికీ తెలుసని విజయకుమారికి అప్పుడు తట్టింది.

"అబద్ధమాడాను కదండీ, ఇంక నేను దేవుడి పిల్లను కాకుండా పోతానాండీ?" అని ప్రసన్న ఏడుపు అందుకుంది.

ఆవిడ ఆ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. "పోవమ్మా. ఎక్కడికీ పోవు. అబద్ధం తప్పే, మామ్మగారికి రేపు నువ్వే చెప్పాలి. నేనూ నీతో వస్తాను. నీకా పని పురమాయించింది నేనే కదా," అంది. వాళ్ళమ్మ గిన్నెలో రెండు కొబ్బరుండలు వేసి చేతికిచ్చింది.

పిల్లకు చెప్పినంత సులువు కాదని పడుకున్నాక తెలిసింది. అక్క తలుపు వేసేసుకుంటే? పిల్ల ముందే పొమ్మంటే? ఇప్పటిదాకా మాట్లాడనిది అక్క ఒక్కతే కాదు, తనూ బెట్టు చేస్తున్నానని సరిపెట్టుకుంది. రేపు వెళ్ళి కాదనిపించుకుంటే ఆ పాటి ఓదార్పు కూడా మిగలదు.

తెల్లవారి భర్త ఏసుకుమార్ చేపల వ్యాను దగ్గర నుంచి తెచ్చిన కొరమేనును తనే తోమి, తనే పులుసు పెట్టింది. అటక మీది గిన్నె దించి తళతళలాడేలా కడిగింది. ఏసుకుమార్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వదినకేనా? ఇలా తే, గోడ మీంచి అన్నయ్యకి అందించేస్తాను."

"వద్దండీ. గుమ్మంలోంచే వెళ్తాను," అంది విజయకుమారి.

సుందరమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తోటికోడలు ప్రసన్నతో కలిసి గేటు తీసుకుని రావడం చూసింది. చేతిలో ఉన్న గిన్నెను చూసింది. చేట మాత్రం పక్కన పెట్టలేదు. ప్రసన్న ముందుకు వెళ్ళి ఊపిరి తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పేసింది.

"మీ అమ్మ జొరం తగ్గిందో లేదో చూసొద్దామని ఇప్పుడే అనుకుంటున్నానే," అంది సుందరమ్మ. "మరి నేనేసిన ముక్కలన్నీ ఎవరు తిన్నట్టు?"

"నేనేనక్కా," అంది విజయకుమారి. మూడేళ్ళ తరువాత నోట వచ్చిన మొదటి మాట అది.

"ఉప్పు?"

"సరిపోయిందక్కా." ఇక ఆగలేకపోయింది. "ఆ రోజు నేనలా చెయ్యకుండా ఉండాల్సింది. నీ చెవిలో చెప్పాల్సిన మాట అందరి ముందూ అరిచాను. నిన్ను నవ్వులపాలు చేశాను. తప్పయిపోయింది."

సుందరమ్మ చేట పక్కన పెట్టింది. గిన్నె అందుకుని, మూత తీసి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది. తరువాత లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ప్రసన్న విజయకుమారి కొంగు పట్టుకుంది.

సుందరమ్మ చెంబుతో తిరిగి వచ్చింది. అరుగు మీద కూర్చుని, విజయకుమారి కళ్ళలోకి చూస్తూ, ఆ పులుసులో నింపాదిగా నీళ్ళు పోసింది.

"ఉప్పు కషాయమైపోయిందే విజయా," అంది.

మొహం బిగించుకునే ఉంది గానీ పెదవి చివర అదిరింది. ముందు నవ్వింది ఎవరో ఇద్దరికీ తెలియదు. నవ్వి నవ్వి, ఆ నవ్వు ఏడుపులోకి దిగి, ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. గోడ అవతల ఏసుకుమార్ తల ఒకసారి పైకి వచ్చి, గబుక్కున కిందికి పోయింది.

"టీచరుగారూ, ఇది తీరినట్టేనాండీ?" అంది ప్రసన్న భయం భయంగా.

"తీరిందమ్మా," అంది సుందరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకెప్పుడూ జొరాలు అంటించకు, పాపం మీ అమ్మకి. పద, చేతులు కడుక్కో. అన్నం వేడిగా ఉంది."

నీళ్ళు పోసిన ఆ పులుసునే ముగ్గురూ గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు.