మూడుసార్లు తట్టాను

ఆ పాత పేటను కూల్చి టవర్లు కట్టకముందు, ఇల్లిల్లూ సర్వే చేసింది నేనే. మూడుసార్లు తలుపు తట్టాలి, ఎవరూ తీయకపోతే ‘ఖాళీ ఇల్లు’ అని రాయాలి. అదీ రూలు. ఇస్త్రీ తాత తలుపూ మూడుసార్లే తట్టాను. లోపల ఇస్త్రీపెట్టె చప్పుడు వినిపిస్తూనే ఉంది. తాతకు చెవుడని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చెవిటివాడి ముందు శంఖం ఊదానన్నమాట, అదీ తెలిసే. ఆకలేస్తోంది, ‘ఖాళీ’ అని రాసేశాను.

అందరికీ ఫ్లాట్లు వచ్చాయి, తాతకు తప్ప.

నిన్న టవర్ల గేటు బయట బల్ల వేసుకుని ఇస్త్రీ చేస్తున్నాడు. నేను తల దించుకుని జారుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

“కాగితంలో నీ సంతకం చూశా నాయనా. మూడుసార్లు తట్టావటగా! ఎండలో ఎంతసేపు నిలబడ్డావో, ఏమో. ఈ చెవిటోడి మీద కోపం పెట్టుకోకు.”