ఎడమచేతి చిటికెన వేలు

కాశయ్య పియానో కింద రాత్రంతా వెలిగిన లాంతరును బయటికి తీసి, వత్తి దించి ఊదేశాడు. వానాకాలమంతా ఆ వెచ్చదనమే లోపలి చెక్కను ఉబ్బకుండా కాపాడుతుంది. తర్వాత మెత్తటి గుడ్డతో మెట్లను ఒక్కొక్కటే తుడవసాగాడు. ఎడమవైపు, పసుపుబారిన 'సి' మెట్టు దగ్గర చెయ్యి కాసేపు ఆగింది.

"ఏంది కాశన్నా, పెట్టెకు తానం పోసి జోల గూడ పాడుతవా?" వంటగది గడపలోంచి సోమ్లీ నవ్వింది. "దొరసాని తన దేశం పొయ్యే లారీ పదింటికంట. జల్ది కానీ."

జగదల్‌పూర్ మిషన్ బంగళాలో సోమ్లీది వంట, కాశయ్యది తోటపని. కోంటా వైపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాడు. పలుగు పట్టి అరచేతులు కాయలు కాశాయి. వేళ్లు మాత్రం పొడవు. అవి చూసే దొరసాని అతనికి కీర్తనలు వాయించడం నేర్పింది. పద్నాలుగేళ్లుగా ఆదివారం ఆరాధనకు అతనే వాయిస్తున్నాడు.

ఒక శ్రావణంలో ఆ 'సి' మెట్టు చెమ్మకు బిగుసుకుపోయింది. కుడిచెయ్యి మూడు మెట్లు కలిపి నొక్కే 'సి' కార్డ్ పట్టే ఉంది. ఎడమచేతి చిటికెన వేలు మాత్రం రెండు మెట్లు కిందికి జరిగి 'ఎ' మీద వాలింది. పాట మారలేదు. కానీ ఎండలో నడిచేవాడు గుగ్గిలం చెట్ల నీడలోకి అడుగుపెట్టినట్టయింది. ఎండాకాలానికి మెట్టు బాగుపడింది. వేలు వెనక్కి రానన్నది. అప్పటినుంచి ఏ కార్డ్‌కు బదులు ఏది నప్పుతుందో వెతుక్కుంటూనే ఉన్నాడు. చరణంలో దుఃఖం ఉన్నచోట ఆ నీడ. చివరి ఆమెన్‌కు మాత్రం అసలు 'సి'. ఎంత తిరిగినా ఇల్లు చేరాలి కదా.

మొదటిసారి విన్నరోజే దొరసాని మూత మూసేసింది. "కితాబ్‌లో ఏముందో అదే. లేదంటే తాళం వేసి ఇంకొకరికి ఇస్తాను." ఆ తాళంచెవి ఆమె నడుముకు నల్లతాడుతో వేలాడేది. అప్పటినుంచి ఆమె పల్లెలకు వెళ్లిన ఆదివారాలే అతనివి. ఆ వారాల్లో కీర్తన అయిపోయినా జనం లేచేవారు కాదు.

కొత్త దొరసాని నిన్ననే దిగింది. ఆమెకూ పియానో వచ్చు. తాళంచెవి ఇక ఆమెకే.

"ఈ ఒక్కపూట బుక్కుల ఉన్నట్టే కొట్టు అన్నా," సోమ్లీ గొంతు తగ్గించింది. "పోయేటామె నీ గురించి ఓ మాట చెప్పి పోతది."

"పద్నాలుగేండ్ల సంది ఆమె బుక్కునే ఇన్నది సోమ్లీ. నన్ను ఇనలే."

వీడ్కోలు ప్రార్థనకు అందరూ నిలబడ్డారు. కాశయ్య పుస్తకం తెరిచిపెట్టి మొదలుపెట్టాడు. మొదటి చరణం బుద్ధిగా సాగింది. రెండోదానికి చిటికెన వేలు కదిలింది. మూడో చరణానికి గదంతా నీడ పరుచుకుంది. పాడేవారి గొంతులు తమంతట తామే తగ్గాయి. పాత దొరసాని కిటికీ దగ్గర్నుంచి నడిచివచ్చి, చెయ్యి చాపి, అతని ముందున్న పుస్తకం మూసి పియానో పైన పెట్టేసింది.

వేళ్లు ఆగలేదు. కళ్లు మూసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, తాను కనుక్కున్న దారులన్నీ తిప్పి, ఆమెన్ దగ్గర పాటను ఇంటికి చేర్చాడు.

కళ్లు తెరిచేసరికి ఆ దొరసాని గడప దాటుతోంది. వెనక్కి చూడలేదు. సోమ్లీ గొడుగు పట్టుకుని వెంట పరిగెత్తింది. లారీ మోత దూరమయ్యేదాకా కాశయ్య అలాగే కూర్చున్నాడు. భయం వేయలేదు. వాయించాల్సింది వాయించాడు.

మూత దించుదామని లేచాడు. మూసిన కీర్తనల పుస్తకం మీద తాళంచెవి, దాని చుట్టూ ఆమె నడుము వంపు ఇంకా వదలని నల్లతాడు.