తాళం వేసిన చెయ్యి

మళ్లీ అదే గాలి.

కొండ దిగి, ఎబ్రో నది దాటి, సరగోసా నగరం వీధుల్లోకి దూరే చలిగాలి. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఎవరినీ కుదురుగా కూర్చోనివ్వదు.

బ్రౌలియోని అసలే కూర్చోనివ్వదు.

తాళాలవాడు అతను. ఒకప్పుడు కొత్త ఇళ్లకు తాళాలు వేసేవాడు. ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, జీతాలు పోయాయి, బ్యాంకు వాయిదాలు మాత్రం పోలేదు. ఇప్పుడు అతణ్ని పిలిచేది, వాయిదాలు కట్టలేనివాళ్లను ఇళ్లు ఖాళీ చేయించే కోర్టు ఒక్కటే...

తీయడానికి.

పోయిన నెల ఒక తలుపు తీశాడు. లోపల పొయ్యి మీద పప్పు ఇంకా ఉడుకుతోంది. ఆ వాసన ఇప్పటికీ వదల్లేదు.

ఇవాళ మూడో అంతస్తు. లూర్దెస్ ఇల్లు.

మెట్లనిండా ఇరుగుపొరుగు. దారికి అడ్డంగా కూర్చున్నారు, అంతే. కొత్త చట్టం వచ్చాక అలా కూర్చోవడమూ నేరమే. పోలీసు ఒక్కొక్కరి పేరూ రాసుకుంటున్నాడు. అయినా ఎవరూ లేవరు.

"కంచే చేను మేస్తోందర్రా," అంది ముసలి ఎంగ్రాసియా. "దాటుకుంటూ పో బ్రౌలియో. నాకు మోకాళ్ల నొప్పులు, లేవలేను."

దాటాడు. సిగ్గుతో చచ్చిపోతూ దాటాడు.

ఈ తాళం... తనదే.

మొగుడు వదిలేసి వెళ్లిన ఏడాది, ఇద్దరు పిల్లలతో లూర్దెస్ భయపడుతుంటే, తనే వచ్చి వేశాడు. "నిశ్చింతగా పడుకో తల్లీ. దీన్ని నేను తప్ప ఎవడూ తీయలేడు." ఎంత గొప్పగా అన్నాడో!

నేను తప్ప.

దగ్గొచ్చింది. ఆపుకోలేకపోయాడు.

ఆ దగ్గు గుర్తుపట్టినట్టు, తలుపవతల నుంచి మెల్లగా లూర్దెస్ గొంతు —

"బాబాయ్, నువ్వేనా?"

ఈ పని కాదంటే కోర్టు మళ్లీ పిలవదు. పిలవకపోతే, రేపు తన తలుపు ముందు ఇంకొకడు నిలబడతాడు. తెలుసు. బాగా తెలుసు.

ఇనుపపుల్ల తాళంలోకి తోశాడు. ఒక్క మెలి చాలు.

ఒక్క మెలి...

పుల్ల బయటికి లాగేశాడు.

"తెరుచుకోదు."

"అదేంటయ్యా, దాని మీద నీ కొట్టు పేరే ఉందిగా?" వెనకే వచ్చిన కోర్టు గుమాస్తా విసుక్కున్నాడు.

"అందుకే తెరుచుకోదు."

పెట్టె మూసి మెట్లు దిగుతుంటే, ఎంగ్రాసియా కాస్త జరిగింది. మోకాళ్ల సంగతి మర్చిపోయింది.

కూర్చున్నాడు.

పోలీసు పేరడిగాడు. చెప్పాడు.

రేపు డ్రిల్లు మిషనుతో ఇంకొకణ్ని తెస్తారు. తేక మానరు.

పైన, లూర్దెస్ తలుపు లోపల, తాళం ఇంకొకసారి తిరిగిన చప్పుడు.

మళ్లీ అదే గాలి — కింద వీధి తలుపు తడుతోంది.

ఇంకొకణ్ని అప్పుడే తెచ్చేశారేమోనని, మెట్ల మీద అందరూ ఒక్కసారే అటు తిరిగారు.