బొటనవేలు చెప్పిన మాట

నేను ఒక అరచేతిలో ఇమిడే పెట్టెను. రెండు తీగలు, ఒక బటన్, అంతే నా ఆస్తి. ఏదో కార్ఖానాలో నన్ను బిగించి కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రికి పంపారు. మత్తులో ఉన్న మనిషి మణికట్టుకు నా తీగలు అతికిస్తారు. నేను సన్నగా కరెంటు వదులుతాను. బొటనవేలు ఎగరకపోతే కండరాలను సడలించే మందు పనిచేస్తున్నట్టు. ఎగిరితే దాని బలం తగ్గుతున్నట్టు. ఇంత తేలికైన మాటను కూడా మనుషులు వినిపించుకోలేదు. గోడ గడియారం చూసి అరగంటకో మోతాదు ఎక్కించడమే వాళ్ల అలవాటు. నేను మూలన దుమ్ము పట్టి పడి ఉన్నాను.

నన్ను బయటికి తీసింది మత్తు డాక్టరు హైమావతి. రోజూ పొద్దున్నే తన చేతికే నా తీగలు పెట్టుకుని, ఆ చురుకు భరించి, నేను సరిగ్గా ఉన్నానో లేదో చూసుకునేది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది బస్సు డ్రైవరు కొమురెల్లి. అద్దం పగిలి పెంకు కంట్లో దిగింది. ఆ గాయాన్ని కుడుతున్నారు. ఈ సమయంలో అతను ఒక్కసారి గట్టిగా దగ్గినా కన్ను పోవచ్చు.

మందు ఇచ్చి ఎంతోసేపు కాలేదు. బొటనవేలు టక్కున ఎగిరింది. నాకు గుండె ఉంటే అప్పుడే జారిపోయేది.

“ఇప్పుడేగా ఇచ్చారు! మీ డబ్బా పాడైంది మేడమ్,” అన్నాడు సర్జన్ తలెత్తకుండానే.

హైమావతి గడియారం వైపు చూసింది. వేలి వైపు చూసింది.

“సూది ఆపండి,” అని మళ్లీ మందు ఎక్కించింది. ఆపరేషన్ అయ్యేదాకా వేలు ఎగిరినప్పుడల్లా ఎక్కిస్తూనే ఉంది. ఫిట్స్ మాత్రలు ఏళ్ల తరబడి మింగిన ఒంట్లో ఈ మందు తొందరగా అరిగిపోతుందని ఆమెకు తెలుసు. కానీ మత్తు ఇచ్చే ముందు అడిగితే కొమురెల్లి తనకు ఏ జబ్బూ లేదన్నాడు.

నన్ను కోటు జేబులో వేసుకుని బయటికొచ్చింది. అతని భార్య స్వరూప ఎదురొచ్చింది.

“కన్ను దక్కిందా మేడం?”

“దక్కిందమ్మా. ఫిట్స్ మాత్రలు ఎప్పటినుంచి వాడుతున్నాడు?”

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పెండ్లి కాకముందు నుంచే. ఎవరికీ చెప్పకుండ్రి మేడం, నౌకరి పోతది. డ్రైవింగ్ తప్ప ఆయనకేం రాదు.”

మర్నాడు హైమావతి కొమురెల్లి మంచం దగ్గర కూర్చుంది. “మీరింక బస్సు నడపకూడదు. డిపోలో మీరే చెప్పండి,” అంది.

అతను కట్టు లేని కన్నుతో ఆమెను చూశాడు. “మరి నా కన్నెందుకు కాపాడిన్రు మేడం?”

ఆమె జేబులో ఉన్న నన్ను గట్టిగా పట్టుకుంది. నాకూ బాధ వేసింది. అతని కన్ను నిలిపింది నేనే, గుట్టు బయటపెట్టిందీ నేనే.

అతను డిపోలో చెప్పాడో లేదో నాకు తెలియదు. కొత్త మిషన్లు వచ్చాక నన్ను కిటికీ పక్కన బీరువాలో పడేశారు. కింద రోడ్డు మీద బస్సు హారన్ మోగిన ప్రతిసారీ, ఆ స్టీరింగ్ మీద ఎవరి బొటనవేలు ఉందోనని నాకు బెంగ.