గంటన్న తమ్ముడు

వైకుంఠం మెట్ల మీద కూర్చుని అబద్ధాలాడిన మానవుణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. కంగారు పడకండి, ఇది పైలోకం వైకుంఠం కాదు. పురానాపూల్ దగ్గర మా గల్లీ మొదట్లో ఇత్తడి సామాన్ల దుకాణం పెట్టుకున్న వైకుంఠం సేటు. ఆదివారం దుకాణం మూసేవాడు. మెట్లకు తాళం ఉండదు కదా, అవి మావి.

డెబ్బయి ఏడు, డెబ్బయి ఎనిమిది నాటి మాట. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు పెళ్లయిన మగవాళ్లం, మీసాలున్నవాళ్లం, ఒక బొమ్మల పుస్తకాన్ని మధ్యలో పెట్టుకుని అరుచుకునేవాళ్లం. ఒకరు శివయ్య, బస్సు డిపోలో ఫిట్టరు. నలభై దాటాయి. ఏ ముక్క ఎక్కడ ఫిట్టవుతుందో చెప్పడం ఆయన వృత్తి, ప్రవృత్తి కూడా. రెండోవాడు ఇశ్రాయేలు, కరెంటు లైన్‌మన్. కథకు కనెక్షన్ లేకపోతే షాక్ కొట్టినట్టు లేచేవాడు. మూడోవాణ్ణి నేను, పురుషోత్తం. శివయ్య పక్కింట్లో అద్దెకుండేవాణ్ణి, సర్కారు ఆఫీసులో ఇంగ్లీషు టైపిస్టుని. అక్షరాలు కొట్టి బతికేవాణ్ణి, అర్థాలు వాటంతటవే కొట్టుకుపోయేవి.

పుస్తకాలు ఇంగ్లీషువి. ఎక్కడి దేశంలోనో పాతబడి, ఓడలెక్కి, చిత్తుకాగితాలతో కలిసి ఫుట్‌పాత్ మీదికి వచ్చేవి. నంబరు ప్రకారం వస్తే అవి పాత పుస్తకాలెందుకవుతాయి? ముప్పై ఒకటి ముందొచ్చేది, పన్నెండు ఆర్నెల్ల తర్వాత దొరికేది. అందులో వీరుడు గడియారపు గోపురం బాగుచేసే మామూలు మనిషి. పిడుగు పడి ఒళ్లంతా గంట అయిపోతుంది. గుండె మీద గుద్దుకుంటే ఆ మోతకు గోడలు కూలతాయి. ఇంగ్లీషులో ఆయనకేదో పొడుగాటి పేరుంది, మేము మాత్రం గంటన్న అనేవాళ్లం. ఆయన శత్రువు ముట్టుకున్న ఇనుమల్లా తుప్పు పట్టిస్తాడు. వాడు తుప్పుదొర.

నేను చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. దాన్ని అనువాదం అనకూడదు. నేననుకున్నదే వాదం.

"ముప్పై ఒకటిల తుప్పుదొర చెయ్యి తెగింది గద, నలభై నాలుగుల రెండు చేతులెట్లున్నయి?" ఇశ్రాయేలు లేచి నిలబడేవాడు.

"స్పేర్ పార్ట్ ఏసిండ్రు," అనేవాడు శివయ్య.

"చెయ్యికి స్పేర్ ఏందన్నా! బస్సా?"

"లొల్లి ఆపుండ్రి. ఇది దూస్రీ దునియా," అనేవాణ్ణి నేను. ఈ మాట మాత్రం నా సొంతం కాదు, నలభై నాలుగులో కంపెనీవాడే రాశాడు. మన భూమి లాంటిది ఇంకోటి ఉందట. అక్కడా మనమే ఉంటామట, కాకపోతే బతుకులు వేరు.

"ఆడ నేను గూడ ఉన్ననా తమ్మీ?" శివయ్య అడిగాడు.

"ఉన్నవన్నా. ఆడ నువ్వు డిపో మేనేజర్‌వి."

"మరి నేను?" అన్నాడు ఇశ్రాయేలు.

"నువ్వు ఆడ గూడ పోలు మీదనే. కరెంటు ఏ దునియాల ఉన్నా పోకుండ ఉంటదా?"

మెట్లు దద్దరిల్లేవి. పై అంతస్తులోంచి వైకుంఠం సేటు భార్య కిటికీ రెక్కలు దభాలున మూసేది. అంతవరకు బాగానే ఉంది.

అసలు తప్పు మొదటి పుస్తకంలోనే జరిగింది. గంటన్న గోడ మీది ఫొటో చూస్తూ "మై లేట్ బ్రదర్" అంటాడు. ఆఫీసులో నేను రోజుకు పదిసార్లు టైపు కొట్టే మాటే అది: లేట్ శ్రీ ఫలానా గారి కుమారుడు ఫలానా. అది చచ్చిపోయినవారి ముందు తగిలించే మాటని నాకు తెలుసు. కానీ ఇక్కడ శ్రీ లేదు, పేరు లేదు. శ్రీ లేని చావు సర్కారులో చెల్లదు కదా! అందుకని ఇది హాజరుపట్టీలో లేట్ అనుకున్నాను. "గంటన్నకొక తమ్ముడున్నడు. ఎప్పుడూ లేటే. గంటన్న తమ్మునికి గంట లేటు," అని చెప్పాను.

ఇశ్రాయేలు పడిపడి నవ్వాడు. శివయ్య నవ్వలేదు.

"ఎప్పుడొస్తడట?" అన్నాడు.

"వస్తడు తియ్యన్నా."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆయన మొదటి ప్రశ్న ఒకటే. "తమ్ముడొచ్చిండా?" రాలేదంటే, "ఏం ఫికర్ లేదు, లేటయింది అంతే," అని తనకు తనే చెప్పుకుని కథలోకి వచ్చేవాడు.

కొన్నాళ్లకు సంగతి తెలిసింది. శివయ్యకు తమ్ముడున్నాడు, ఆనందరావు. పదేళ్ల క్రితం, నేనా గల్లీకి రాకముందు, సెకండ్ షో చూసి అర్ధరాత్రి ఇంటికొస్తే శివయ్య చెంప మీద కొట్టి, "గిప్పుడొచ్చినోనివి ఇంక రాకు" అన్నాడట. తమ్ముడు అన్న మాట జవదాటలేదు.

సెప్టెంబరులో నాలుగో నంబరు దొరికింది. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని తెరిచాను. ఎప్పుడో జరిగిపోయిన కథ చెప్పే నంబరు అది. గోపురం మీద తుప్పుదొర, కింద పడిపోతున్న తమ్ముడు. తర్వాతి పేజీలో శవపెట్టె, పువ్వులు, గొడుగులు, సమాధి రాయి. రాయి ముందు గంటన్న మోకాళ్ల మీద. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ. తమ్ముడు కథ మొదలుకాకముందే పోయాడు.

ఆ పుస్తకం నా పరుపు కింద పెట్టాను. ఆదివారం మెట్ల మీద, "ఈ వారం బుక్కు దొరకలే," అన్నాను. ఎందుకు దాచావని మీరడిగితే శివయ్య మీద జాలి అని చెప్పాలనుంది. కాదు. పదేళ్లుగా ఆ మాట టైపు కొడుతున్న టైపిస్టుకు ఆ మాట అర్థం కాలేదని ఇశ్రాయేలు గల్లీ అంతా చాటుతాడు. పరుపు కింద దాచింది పుస్తకం కాదు, నా పరువు.

దాచాక ఊరుకోలేదు. అబద్ధానికి ఆహారం పెట్టాలి. తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందన్నాను. రైలు తప్పిందన్నాను. ఎక్కడైనా అతకకపోతే దూస్రీ దునియా అన్నాను, సరిపోకపోతే తీస్రీ దునియా కూడా తెచ్చాను. లోకాలు పెరిగినకొద్దీ నాకు నేనే లోకువయ్యాను. తుప్పుదొరది తుప్పే, తప్పు నాది.

నవంబరులో ఒక పొద్దున నల్లా దగ్గర శివయ్య భార్య రాజమణి నన్ను ఆపింది. బిందె కింద పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుంటూ అడిగింది.

"పురుషోత్తం, గా బుక్కుల తమ్ముడు ఎప్పుడొస్తడయ్యా?"

"నువ్వు గూడ మొదలువెట్టినవా వదినా?"

"నవ్వకు. మాకు డిపోవాళ్ల క్వార్టరు శాంక్షనైంది. రెండర్రలు, ఎండ వస్తదట. పదిహేను రోజుల్ల సంతకం బెట్టియ్యాలె, లేకుంటే ఇంకోలకు పోతది. ఈయన కదలనంటున్నడు. మేం పోతే ఆనందరావు వచ్చి ఎవర్ని అడుగుతడు అంటడు. పిల్లను జూసినవు గద?"

చూశాను. వాళ్ల గది మూసీ వైపుంటుంది. గోడకు చేయి ఆనిస్తే తడి అంటుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల రాత్రంతా పిల్లికూతలతో ఊపిరి తీస్తుంటే మా ఇంట్లోకి వినబడేది.

"నేను జెప్తే ఇనడు. ఆ బుక్కు జెప్తే ఇంటడు. బుక్కుల ఇంక రాలే, అంటే నాది గూడ లేటయింది అంతే, అంటడు. నీకు దండం బెడ్త. వాన్ని రప్పియ్యన్న రప్పియ్యి, సంపనన్న సంపు."

చంపడానికి నేను కష్టపడాల్సిన పని లేదు. చంపిపెట్టే ఉంది, పరుపు కింద. తీసుకెళ్లి చూపిస్తే చాలు. బిందె ఆమె నెత్తికెత్తి ఇంటికొచ్చాను. పరుపు మీద కూర్చున్నాను. లేవలేదు.

ఆ ఆదివారం యాభై రెండో నంబరు పట్టుకెళ్లాను. అందులో రెండు దునియాలు ఢీకొంటాయి. గంటన్న ఆ దునియాలోకి పోతే, అక్కడ చచ్చిపోయింది గంటన్న, బతికున్నది తమ్ముడు. తమ్ముడు ఈయన చేతులు పట్టుకుని ముఖంలోకి చూస్తాడు. బొమ్మ బాగుంది. వాడి నోటి దగ్గర రాసి ఉన్నది మాత్రం ఇది: "నువ్వు మా అన్నవి కావు. మా అన్న పోయాడు."

నేను పైకి చదివాను. "అన్నా, వచ్చిన. జర లేటయింది."

శివయ్య పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆ రెండు చేతుల బొమ్మ మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఆయనలోని ఫిట్టరు లేచాడు.

"ముప్పై ఆరుల గంటన్న ఇల్లు మారిండు గద తమ్మీ. తమ్మునికి ఇల్లెట్ల దొరికింది?"

దీనికి నేను సిద్ధపడి రాలేదు. "పక్కింటాయన చెప్పిండు," అన్నాను.

"పక్కింటాయన ఏడున్నడు? బొమ్మల లేడు," అన్నాడు ఇశ్రాయేలు, నన్ను అనుమానంగా చూస్తూ.

"అందరు బొమ్మల పడ్తరా? నీ పెండ్లి ఫొటోల వంటాయన పడ్డడా? బువ్వ తినలేదా నువ్వు?"

ఇశ్రాయేలు నవ్వేశాడు. నవ్వితే మనిషి ప్రశ్న మరిచిపోతాడు, అదే నా బతుకుతెరువు. శివయ్య నెమ్మదిగా, "పక్కింటాయన మంచోడు," అన్నాడు. సోమవారం క్వార్టరుకు సంతకం పెట్టాడు.

సామాను తీసుకుపోయే రోజు తోపుడుబండి మీద మంచాలు, మూటలు, కుట్టుమిషను ఎక్కించాం. పిల్లను మూటల మీద కూర్చోబెట్టారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేననిపించింది. క్వార్టరు ఎలాగూ వచ్చేసింది కదా అన్న లెక్క కూడా ఉంది, అబద్ధమెందుకు.

"శివన్నా, ఒక మాట. గా బుక్కుల లేట్ అంటే లేటు గాదు. సచ్చిపోయిండు అని. గంటన్న తమ్ముడు మొదట్లనే సచ్చిపోయిండు. నాకు తెల్వక తప్పు చెప్పిన."

శివయ్య నా ముఖం చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"నీ పాడుగాను, పోయేటప్పుడు గూడ ఇడువవు గదరా! లేటంటే సచ్చుడైతే మా డిపోల సగం మందికి ఎన్నడో దినాలయిపోయేటియి!"

బండివాడు నవ్వాడు. ఇశ్రాయేలు నా వీపు మీద చరిచాడు. రెండేళ్లు అబద్ధం చెబితే నమ్మారు, ఒక్కసారి నిజం చెబితే జోకన్నారు. రాజమణి నవ్వలేదు. నా వైపు చూసి, పిల్లను తన వైపు లాక్కుంది.

శివయ్య చొక్కా జేబులోంచి ఒక చిట్టీ తీసి నా చేతిలో పెట్టాడు. క్వార్టరు నంబరు, బస్సు నంబరు. ఎవరితో రాయించాడో, ముత్యాల్లాంటి అక్షరాలు.

"నేనున్నన్ని దినాలు మా తమ్ముని తొవ్వ నేను జూసిన. ఇంక నువ్వు జూడు. పక్కింటాయనవు నువ్వే గద."

వారం తిరక్కముందే ఆ గదిలోకి పూలమ్ముకునే ఆగమ్మ వచ్చింది. పేరుకే ఆగమ్మ, నోరు ఆగదు. నేను వెళ్లి, "అవ్వా, ఆనందరావు అని ఎవరన్న వచ్చి శివయ్య ఇల్లేదని అడిగితే నన్ను పిలువు," అన్నాను.

"అట్లనే బిడ్డా. మనిషెట్లుంటడు?"

"పొడుగ్గుంటడు. మెలికల జుట్టు, గడ్డం మీద గంటు..." అని ఆగిపోయాను. అది పుస్తకంలో తమ్ముడు.

"తెల్లగుంటడా, నల్లగుంటడా? పెండ్లయిందా? ఏం పని జేసెటోడు?"

రెండేళ్లు వైకుంఠం మెట్ల మీద కూర్చుని, గోడ మీది ఫొటోలో కాగితం తమ్ముడి ముక్కు పన్నెండులో ఒకలాగా ముప్పై ఒకటిలో ఇంకోలాగా ఎందుకుందని గొంతులు పోయేలా వాదించుకున్నాం. పక్కనే కూర్చున్న మనిషిని, నీ తమ్ముడు ఎలా ఉంటాడని ఒక్కనాడు అడగలేదు.

"అడిగొస్త," అన్నాను.

ఆదివారం నాలుగో నంబరు పేపర్లో చుట్టుకుని బస్సెక్కాను. కాలనీ ఊరి చివర. తలుపు కొడితే శివయ్యే తీశాడు. నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, ఇంకెవరో మెట్లెక్కుతున్నట్టు.

"వచ్చిండా?"

నేను రావడానికి ఆయన దృష్టిలో ఇంకో కారణం ఉండదని బస్సెక్కేటప్పుడు నాకు తట్టలేదు.

"లేదన్నా. రాలే."

పుస్తకం విప్పి ఇచ్చాను. గుమ్మంలోనే నిలబడి తిప్పాడు. పెట్టె, పువ్వులు, గొడుగులు, రాయి. ఆ పేజీ దగ్గర ఆగాడు. లోపల ఎండ పడుతున్న గచ్చు మీద పిల్ల నిద్రపోతోంది. ఊపిరి వినబడటం లేదు, అంత మెల్లగా తీస్తోంది.

"గిది ఎన్నడు దొరికింది?"

"సెప్టెంబరుల."

"నేను సంతకం బెట్టకముందే."

"ముందే."

పుస్తకం మూసి నాకే ఇచ్చాడు. లోపలికి రమ్మనలేదు, చాయ్ తాగమనలేదు. రాజమణి వంటింటి గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చివరికి, వచ్చిన పని అడిగాను.

"అన్నా, ఆనందరావు ఎట్లుంటడు? వస్తే నేను గుర్తువట్టాలె గద."

తలుపు మీద చేయి పెట్టాడు. వేసేస్తాడనుకున్నాను.

"పెన్ను ఉన్నదా?"

ఉంది. చిట్టీ వెనకవైపు తిప్పాను.

"రాస్కో. నలుపే. కుడి చెవి కింద పుట్టుమచ్చ. నడిస్తే ఎడమ కాలు జర ఈడుస్తడు, చిన్నప్పుడు చెట్టు మీదికెల్లి పడ్డడు. పొడుగు..." అని తన భుజం దగ్గర అరచేయి అడ్డంగా పెట్టాడు. ఆ చేతివైపే చూసి, కొంచెం పైకి జరిపాడు. ఇంకొంచెం జరిపాడు.

"పొడుగు రాయకు," అన్నాడు. "అప్పుడు పదహారేండ్లు వానికి. గిప్పుడెంతయిండో ఎరుకలేదు."