కొవ్వు తోక

మిరపకాయల్లో తాలు ఏరుతుంటే ఫోన్ మోగింది. నాగలత చేతులు అప్పటికే భగ్గుమంటున్నాయి. కూలికొచ్చే సైదమ్మ పొద్దుగూకగానే చేతులు కడుక్కుని ఇంటికి పోతుంది. కోడలికి పొద్దుగూకడం ఎక్కడిది? అత్తమ్మ తుంటి విరిగిందని తల్లాడకు ఓ వారం ఉండి పోదామని వచ్చి నాలుగు నెలలైంది.

హైదరాబాద్ ల్యాబ్ నుంచి పుష్పలత. చండ్రుగొండ అవతలి అడవి పల్లె పిల్ల, నాగలతకు జూనియర్. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"అక్కా, నువ్విచ్చిన పెప్టైడ్ పాడు చేసిన. ఉన్నదంతా నీళ్లల్ల ఏసిన, ముద్దలు గట్టింది."

"నేనెప్పుడిచ్చిన?"

"నువ్వే గదక్కా నిన్న మెసేజ్ పెట్టినవ్! ఇంక నేను రాను, నా డబ్బా నువ్వే వాడుకో అని."

నాగలత కాయల రాశి పక్కనే కూలబడింది.

ఆరేళ్ల పని అది. మందును కణం లోపలికి మోసుకెళ్లే చిన్న ప్రోటీన్ ముక్క. ఉత్తగా పంపితే గడప దగ్గరే ఆగిపోతుంది. దానికో కొవ్వు తోక తగిలిస్తే, కణం పైపొరా కొవ్వే కాబట్టి, మనవాళ్లే కదా అన్నట్టు రానిస్తుంది. ఆ తోక ఎంత పొడుగుండాలో తేల్చడానికే రెండేళ్లు పట్టింది. ఇంకొక్క ప్రయోగం అయితే డాక్టర్ నాగలత. కానీ ఆ తోకకు నీళ్లు పడవు. ముందు వేరే ద్రావకంలో కరిగించి, తర్వాత చుక్క చుక్కగా నీళ్లలో కలపాలి. ఆ సంగతి నాగలత చేతికి తెలుసు, ఆ మెసేజ్ కొట్టిన వేలికేం తెలుసు? "మొగుడి దగ్గర ఫోనుకు తాళమేంటే?" అని పెళ్లైన వారానికే తాళం తీయించిన వేలది. చుట్టాలొచ్చి "ఏం చదువమ్మా నీది?" అని అడిగితే "కొవ్వుల మీదండీ" అంది ఓసారి. "చదివి చదివి అదే ఎక్కింది మా ఆవిడకి" అన్నాడు మురళీకృష్ణ. ఇల్లంతా ఒకటే నవ్వు. తనూ నవ్వింది, ఛీ! మిరప మంట కంటే ఆ నవ్వే ఇప్పుడు ఎక్కువ మండుతోంది.

"ఏడవకు పుష్పా. తప్పు నీది కాదు. ఆ మెసేజ్ నేను పెట్టలే" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ పిల్లను ఊరుకోబెట్టింది గానీ తనకే ఏడుపు ఆగలేదు. కారం చేతులతో కళ్లు తుడుచుకునే వీల్లేక, భుజానికేసి తుడుచుకుంటూ ఏడ్చింది.

మురళీకృష్ణ ఖాళీ గోతాలు పట్టుకుని కల్లంలోకి వచ్చాడు.

"పుష్పకు మెసేజ్ పెట్టింది మీరేనా?"

"నేనే పెట్టా. నీ నోటితో చెప్పలేక నలిగిపోతున్నావని. అయితే ఏంటిప్పుడు?"

"నా పెప్టైడ్ మొత్తం పోయిందండీ."

"పోతే పోయింది, పీడా వదిలింది. అమ్మ టీ అడుగుతోంది, చూడు. ఇంక ఆ ల్యాబ్‌లో నీకు పనేముంది?"

నాగలత లేచింది. కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంది. మంట తగ్గలేదు.

"నిన్నటిదాకా పదిహేను రోజుల పనే ఉండేది" అంది. "మీ మెసేజ్‌తో ఆరు నెలలయింది. ఆ పెప్టైడ్ మళ్లీ మొదటి నుంచి తయారు చేయాలి. అత్తమ్మ టీలో చక్కెర వెయ్యకండి. నేను హైదరాబాద్ బస్సుకు వెళ్తున్నా."